ఊపిరి మర్మము నెఱిగించిన జాన్ స్కాట్ హాల్డేను

మనుష్యుడు మేల్కొనియున్నను, నిద్రించుచున్నను, పాఠము చదువుచున్నను, బంతి యాడుచున్నను ఊపిరి పీల్చుట మాత్రము మానడు. విశ్రాంతిగా కూర్చున్న పెద్దవాడు నిమిషమునకు సుమారు 12 మొదలు 16 మారులు ఊపిరి పీల్చును. పరుగు పందెమున దిగినంతనే ఆ సంఖ్య తనంతట తానే హెచ్చును. పందెము ముగిసి చెట్టునీడను కూర్చున్న కొంతసేపటికి మఱల తనంతట తానే తగ్గును. ఇట్లు హెచ్చింపుమనియు, తగ్గింపుమనియు మన మెవ్వరమును ఆజ్ఞాపించుట లేదు. పోనిమ్ము, ఊపిరిని మనమే అదుపులో నుంచుకొందమని ముక్కు నోరు మూసికొని కూర్చుంటిమా, ఎంత మొండివాడైనను నిమిషమో, మఱికొంతసేపో నిలువగలడు. అంతట లోపలినుండి యేదియో ఒక శక్తి అతని పట్టుదలను త్రోసివేసి నోరు తెఱపించును. మనలోనే యుండి మన మాట వినని ఈ యధికారి యెవడు? ఎట్టి వార్త యందుటచేత వాడు ఊపిరిని హెచ్చించుచున్నాడు, తగ్గించుచున్నాడు?

ఊపిరి యున్నచో ఉప్పమ్ముకొనియైనను బ్రదుకవచ్చునని మన పెద్దలందురు. ఆ ఊపిరి మర్మమును తెలిసికొనుటకై తన యూపిరినే పలుమారులు పణముగా నొడ్డినవాడు జాన్ స్కాట్ హాల్డేను. గనులలో బొగ్గు త్రవ్వు కూలివాడును, సముద్రపుటడుగున పనిచేయు మునకగాడును, హిమపర్వతముల నెక్కు సాహసికుడును, ఆసుపత్రిలో ప్రాణవాయువు పీల్చు రోగియు నేటికిని ఈయనకు ఋణపడియున్నారు. ఇట్టి మహాశయుని జీవితమును మన విద్యార్థులు తెలిసికొనుట మేలు.

హాల్డేను 1860వ సంవత్సరము మే నెలలో స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడిన్‌బరోలో జన్మించెను. తండ్రి రాబర్టు హాల్డేను న్యాయవాది. తల్లి మేరీ ఎలిజబెత్తు బర్డన్ శాండర్సను వంశమునకు చెందినది. తాతయగు జేమ్సు అలెగ్జాండరు హాల్డేను స్కాట్లండంతట పేరుగాంచిన సువార్త బోధకుడు. ఆ వంశపు చిహ్నముతో కూడ, ఓర్చుకొనుము అని యర్థమిచ్చు ఒకే యొక మాట తరతరములుగా వచ్చుచుండెను. ఆ మాటను ఈ కుటుంబమున నందఱికంటె నెక్కువగా దేహముతో పాటించినవాడు మన కథానాయకుడే. ఆయన అన్నయగు రిచర్డు తరువాతి కాలమున బ్రిటిషు ప్రభుత్వమున యుద్ధమంత్రిగను, లార్డు ఛాన్సలరుగను పనిచేసెను. చెల్లెలు ఎలిజబెత్తు పేరుపొందిన గ్రంథకర్త్రి. మేనమామయగు జాన్ బర్డన్ శాండర్సను ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడై యుండెను.

హాల్డేను ఎడిన్‌బరో అకాడమీలోను, పిమ్మట అచటి విశ్వవిద్యాలయమునను, జర్మనీ దేశపు జేనా నగరమునను చదివి, 1884వ సంవత్సరమున వైద్యపట్టమును పొందెను. వైద్యుడై ధనము గడించుటకు ఆయనకు దారి తెఱచియే యుండెను. కాని ఆయన మనస్సు రోగము వచ్చిన పిమ్మట మందిచ్చుటకంటె, రోగమునకు మూలమైన దానిని వెదకుటయందే లగ్నమయ్యెను. డండీ పట్టణపు కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, కార్నెలీ యను రసాయనశాస్త్రజ్ఞునితో గూడి, ఆ పట్టణపు బీదల యిండ్లలోని గాలిని పరీక్షింప బూనుకొనెను. ఒకే గదిలో కుటుంబమంతయు నిద్రించు ఇండ్లకు రాత్రివేళ పోయి, సీసాలలో గాలిని పట్టి తెచ్చి, అందు బొగ్గుపులుసు గాలి యెంత, సూక్ష్మజీవులెన్ని యని లెక్కించెడివారు. పాఠశాలల గదులను సైతము విడువలేదు. 1887లో ప్రకటింపబడిన ఈ పరిశోధనవలన ఇఱుకు ఇండ్లలో గాలి యెట్లు చెడునో, అందు మరణములెట్లు హెచ్చునో లోకమునకు వెల్లడియయ్యెను. పరీక్షించు వస్తువు ఎచట నున్నదో అచటికే పోవలెను గాని తన గదిలో కూర్చుండి ఊహింపరాదను నియమమును ఆయన నాటినుండి జీవితాంతము విడువలేదు.

ఆ సంవత్సరముననే హాల్డేను ఆక్స్‌ఫర్డు చేరి మేనమామ ప్రయోగశాలలో పని ప్రారంభించెను. 1891లో లూయీసా కాథ్లీను ట్రాటరును వివాహమాడెను. వారికి జాన్ అను కుమారుడును, నవోమీ యను కుమార్తెయు కలిగిరి. కుమారుడు జె. బి. యస్. హాల్డేను అను పేరిట ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త యయ్యెను. కుమార్తె పేరుపొందిన రచయిత్రి యయ్యెను.

ఆ కాలమున జనులు నిండిన మూసిన గదిలో తలనొప్పి, వికారము కలుగుటకు కారణము మనుష్యుల ఊపిరితో వెలువడు ఏదో తెలియరాని విషపదార్థమని పలువురు నమ్మెడివారు. నిజమును తేల్చుటకై హాల్డేను, లొరెయిను స్మిత్తు అను మిత్రుడును గాలి చొరని చెక్కపెట్టె నొకదానిని చేయించి, అందు గంటలకొలది కూర్చుండిరి. గాలి చెడినకొలది ఆయాసము, తలనొప్పి హెచ్చెను. తరువాత బొగ్గుపులుసు గాలిని పీల్చుకొను పదార్థమును లోపలనుంచి మఱల పరీక్షించిరి. అప్పుడు ప్రాణవాయువు తగ్గుచున్నను ఆ తొందర మునుపటివలె కలుగలేదు. 1893లో ప్రకటించిన ఈ పనివలన, మూసిన గదిలో ఆయాసము పుట్టించునది విచిత్ర విషమును గాదు, ప్రాణవాయువు కొఱతయు గాదు, మనము విడిచిన బొగ్గుపులుసు గాలియే యని స్పష్టమయ్యెను.

ఇంతలో వేల్సు దేశమున ఘోరవిపత్తు సంభవించెను. 1896వ సంవత్సరము జనవరి 27వ తేదీన టైలర్స్‌టౌను బొగ్గుగనిలో ప్రేలుడు కలిగి 57 మంది పనివారు మరణించిరి. ప్రభుత్వమువారి కొఱకు హాల్డేను అచటికి పోయి మృతదేహములను పరీక్షించెను. ప్రేలుడు దెబ్బకును, మంటకును చచ్చినవారు కొలదిమందియే. దేహమున గాయమే లేక, చర్మము గులాబివర్ణము దాల్చి పడియున్నవారే యధికులు. వీరిని చంపినది ప్రేలుడు పిమ్మట గనిలో వ్యాపించిన కార్బన్ మోనాక్సైడు అను వాయువని ఆయన స్థాపించెను. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని ఎఱ్ఱని పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. అందుచే రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి నశించును.

దీని స్వభావము నెఱుగుటకు హాల్డేను పరుల నెవ్వరిని బలిపెట్టలేదు. అంతకు ముందే తన ప్రయోగశాలలో కూర్చుండి ఆ వాయువును తానే కొలతప్రకారము పీల్చి, తన వ్రేలినుండి రక్తపు బొట్టును తీసి పరీక్షించుచు, కాళ్లు తడబడుట, చూపు మసకగుట, బుద్ధి మందగించుట మున్నగు లక్షణములను గ్రంథస్థము చేసెను. తన రక్తములో సగము పాలుకంటె నెక్కువ విషాక్రాంతమగువఱకు ఆయన ప్రయోగమును సాగించెను. ఇందు కనుగొన్న భయంకర సత్య మేమనగా, ఈ విషము లోనికి పోవుచున్నను ఆయాసము కలుగదు. కాపాడుకొందమను తలంపు వచ్చునప్పటికి కాళ్లలో సత్తువ యుండదు.

మనుష్యుని దేహము హెచ్చరిక చేయనిచో మఱియొక ప్రాణిచే హెచ్చరిక పొందవలెనని హాల్డేను యోచించెను. చిన్నప్రాణులు మనకంటె మిక్కిలి త్వరగా ఊపిరి పీల్చును. కావున విషవాయువు వానికి ముందుగా సోకును. ఆయన సలహావలన గనులలోనికి మొదట ఎలుకలను, పిమ్మట కానరీ పక్షులను తీసికొనిపోవు నాచారము ఏర్పడెను. పక్షి కొమ్మమీదనుండి తూలిపడినంతనే పనివారు వెనుకకు మఱలి ప్రాణము దక్కించుకొనెడివారు. ఈ పక్షిని మఱల బ్రదికించుటకు చిన్న ప్రాణవాయువు సీసాతో గూడిన పంజరములను సైతము వాడిరి. బ్రిటను గనులలో ఈ యాచారము 1986వ సంవత్సరమువఱకు సాగి, పిమ్మట విద్యుత్ పరికరములు ఆ పక్షుల స్థానము నాక్రమించెను.

ఇట్లు చాల సంవత్సరములు గాలులతో మెలగిన పిమ్మట హాల్డేను మనము మొదట వేసికొన్న ప్రశ్నకు వచ్చెను. ఊపిరిని నడుపు స్థానము మెదడు క్రిందిభాగమున, వెన్నుపాముతో కలియుచోటనున్న మజ్జాముఖమునందున్నదని ఫ్రెంచి వైద్యుడగు లెగాల్వా 19వ శతాబ్ది యారంభముననే కుందేళ్లపై ప్రయోగములు చేసి చూపియుండెను. కాని ఆ స్థానమునకు ఊపిరి చాలుననియు, చాలదనియు వార్త నందించునదేది? ప్రాణవాయువు తగ్గుటయా, బొగ్గుపులుసు గాలి హెచ్చుటయా? పలువురు పలువిధముల వాదించుచుండిరి.

దీనిని తేల్చవలెనన్న ఊపిరితిత్తుల లోతులనున్న గాలిని పట్టవలెను. ఇందుకు హాల్డేనును, ఆయన సహచరుడగు ప్రీస్ట్లీయు కనుగొన్న యుపాయము మిక్కిలి సులభమైనది. నాలుగడుగుల పొడవుగల రబ్బరు గొట్టములోనికి మనుష్యుడు ఒక్క పెట్టున బలముగా ఊపిరి విడిచి, నాలుకతో గొట్టపు నోరు మూయును. చిట్టచివర వెలువడిన గాలి తిత్తుల లోతులనుండి వచ్చినదే. గొట్టమునకు ప్రక్కనమర్చిన సీసాలోనికి దానిని తీసికొని పరీక్షింతురు. ఇంతటి యల్పపరికరముతో వారొక గొప్ప రహస్యమును ఛేదించిరి.

ఆక్స్‌ఫర్డులో కూర్చుండి పరీక్షించినను, 4,400 అడుగుల యెత్తుగల బెన్ నెవిసు శిఖరముపై పరీక్షించినను, కార్నువాలులోని డాల్కోతు గనిలో రెండువేల అడుగులకు పైగా దిగి పరీక్షించినను, లండనులోని బ్రాంప్టను ఆసుపత్రిలో గాలిని అదిమిపెట్టిన గదిలో పరీక్షించినను, తిత్తులలోని బొగ్గుపులుసు గాలి యొత్తిడి యించుమించుగా నొక్కటియే. అనగా పాదరసపు కొలతలో సుమారు 40 మిల్లీమీటరులు. ప్రాణవాయువు ఒత్తిడియో, చోటుచోటునకు మాఱుచుండెను. మఱియు తిత్తులలో బొగ్గుపులుసు గాలి నూటికి 0.2 పాలు మాత్రము హెచ్చినను విశ్రాంతిగానున్న మనుష్యుని శ్వాస రెట్టింపగుచుండెను. ఇంత సూక్ష్మమైన త్రాసు బంగారపు దుకాణమున సైతము దొఱకుట యరుదు. లోపలి యధికారి రేయింబవళ్లు కనిపెట్టియుండునది ముఖ్యముగా బొగ్గుపులుసు గాలినే యని 1905వ సంవత్సరమున వీరు ప్రకటించిన వ్యాసము శ్వాసశాస్త్రమునకు పునాదిరాయి యయ్యెను.

ఇచట చదువరులు కొంత యాశ్చర్యపడవచ్చును. మనము ప్రాణవాయువుచేత బ్రదుకుచున్నాము గదా, దేహము దానిని విడిచి, పాఱవేయవలసిన గాలిని లెక్కించుట యేల? సంతలో వర్తకుడు గల్లాపెట్టె చూచి వ్యాపారమును తెలిసికొనునట్లు, దేహము తాను చేసిన పనిని తాను పుట్టించిన బొగ్గుపులుసు గాలినిబట్టి తెలిసికొనును. ఎంత పని జరిగినచో అంత గాలి పుట్టును. దానిని పంపివేయునంతటి శ్వాస జరిగినచో సాధారణ స్థలములందు ప్రాణవాయువు దానంతటనే కావలసినంత లోనికి వచ్చును.

హాల్డేను తన పనిని ఇంగ్లండు గాలితోనే ముగింపలేదు. సముద్రములో లోతునకు దిగినవారు త్వరగా పైకి వచ్చినచో వారి రక్తమున నత్రజని బుడగలు కట్టి, కీళ్లనొప్పులు, పక్షవాతము, మరణము కూడ కలుగుచుండెను. బ్రిటిషు నౌకాదళమువారి కోరికపై ఆయన మేకలను ఉక్కుగదిలో ఒత్తిడికి లోనుచేసి పరీక్షించి, మునిగినవాడు ఏ లోతున ఎన్ని నిమిషములు నిలిచి నిలిచి పైకి రావలెనో పట్టికలు తయారుచేసెను. 1906లో డేమాంటు, కాటో అను నావికాధికారులు స్కాట్లండు తీరమున 210 అడుగుల లోతునకు దిగి క్షేమముగా వచ్చిరి. 1908లో ప్రకటింపబడిన ఆ పట్టికలు లోకమందలి మునక పట్టికలన్నిటికిని మూలము.

1911లో ఆయన అమెరికాలోని కొలరాడోకు పోయి, 14,000 అడుగులకు పైబడిన పైక్సు శిఖరముపై డగ్లసు, హెండర్సను, ష్నైడరు అను శాస్త్రజ్ఞులతో ఐదు వారములు నివసించెను. వారితో పోయిన మేబెలు ఫిట్జ్‌జెరాల్డు అను విదుషీమణి యొంటరిగా చుట్టుపట్ల గని గ్రామములకు తిరిగి, వేఱువేఱు ఎత్తులలో నివసించువారి శ్వాసను కొలిచెను. అచట కొంతకాలము నివసించినవారి తిత్తులలో బొగ్గుపులుసు గాలి యొత్తిడి 40 నుండి సుమారు 27 మిల్లీమీటరులకు తగ్గియుండెను. అనగా ప్రాణవాయువు మిక్కిలి తగ్గినచోట, దేహము బొగ్గుపులుసు గాలి లెక్కను ప్రక్కకు నెట్టి, యధికముగా ఊపిరి పీల్చుచున్నదన్నమాట. ప్రాణవాయువునకు కూడ కావలివాడొకడు కలడు. కాని అతడు కష్టము ముదిరినగాని మేల్కొనడు.

ఈ సందర్భమున హాల్డేను పొరపాటొకదానిని కూడ చెప్పుట న్యాయము. ఎత్తైన స్థలములందు ఊపిరితిత్తులు గ్రంథులవలె పనిచేసి ప్రాణవాయువును బలవంతముగా రక్తములోనికి నెట్టునని ఆయన నమ్మెను. డెన్మార్కు దేశస్థులగు క్రో దంపతులును, కేంబ్రిడ్జి పండితుడగు బార్‌క్రాఫ్టును ఇది సరికాదనియు, ప్రాణవాయువు ఒత్తిడి భేదముచేతనే లోనికి పోవుననియు స్థాపించిరి. అయినను హాల్డేను కడవఱకు తన యభిప్రాయమును విడువలేదు. వేయి ప్రయోగములు చేసినవాడు కూడ తన కిష్టమైన యూహకు బందీ కావచ్చునని ఇందువలన మనము నేర్వవలెను.

1915వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఈప్రు రణరంగమున జర్మను సేన క్లోరిను వాయువును విడిచెను. వెంటనే ప్రభుత్వము హాల్డేనును ఫ్రాన్సుకు పంపెను. ఆయన ఆ వాయువు క్లోరినే యని గుర్తించి, తిరిగివచ్చి, గాలిని శోధించు ముసుగులను తయారుచేయించుటలో పాల్గొనెను. వానిని పరీక్షించుటకు విషవాయువు నిండిన గదిలోనికి ఆయనయు, ఆయన కుమారుడును, సహచరులును స్వయముగా ప్రవేశించి పీల్చిరి. వాయువుచే ఊపిరితిత్తులు చెడిన సైనికులకు ప్రాణవాయువును కొలతప్రకారము ముఖకవచముతో నిచ్చు పద్ధతిని కూడ ఆయన 1917లో వివరించెను. నేడు ప్రతి ఆసుపత్రిలోను కానవచ్చు చికిత్సకు ఇది ముఖ్యమైన తొలిమెట్టు.

ఆయన తన కుమారునకు పాఠము చెప్పిన రీతియు విచిత్రమైనదే. ఒకనాడు పిల్లవానిని గనిలోనికి తీసికొనిపోయి, పైకప్పు దగ్గఱ మీథేను వాయువు చేరియున్న చోట నిలువబెట్టి, షేక్స్‌పియరు జూలియస్ సీజరు నాటకమునుండి ఆంటొనీ యుపన్యాసమును చదువుమనెను. కొలది పంక్తులు చదువునప్పటికి బాలుని కాళ్లు తడబడి నేలకు జాఱెను. నేలదగ్గఱ గాలి మంచిది గావున వెంటనే తేఱుకొనెను. ఆ వాయువు గాలికంటె తేలికయనియు, అది పీల్చినంతమాత్రమున చావరనియు బాలుడు మఱపురాని విధముగా నేర్చుకొనెను. ఇట్టి బోధనపద్ధతిని ఉపాధ్యాయుడనగు నేను సమర్థింపజాలను. కాని తాను చేయని ప్రయోగమును ఆ తండ్రి కుమారునిచే చేయింపలేదని మాత్రము చెప్పవలసియున్నది.

హాల్డేను 1897లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1934లో ఆ సంఘమువారు తమ యత్యున్నత బహుమానమగు కోప్లీ పతకము నిచ్చి సత్కరించిరి. గని ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షత వహించిన గౌరవము కూడ ఆయనకు దక్కెను. శ్వాసమును గుఱించి 1922లో ఆయన ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధి గాంచినది. వార్ధక్యమున సైతము విశ్రమింపక, ఎండవేడిమిచే పనివారికి కలుగు వ్యాధిని పరిశీలించుటకు పారశీక, ఇరాకు దేశములకు పోయి వచ్చెను. మఱి కొలదికాలమునకే న్యుమోనియా సోకి, 1936వ సంవత్సరము మార్చి నెలలో ఆక్స్‌ఫర్డునందు మరణించెను. ఆయన వయస్సు 75 సంవత్సరములు.

హాల్డేను బ్రదికియున్న కాలమున మజ్జాముఖములోని యధికారి ఎవరో పేరు మాత్రమే తెలియును, ముఖము తెలియదు. అది ఆయన తరువాతివారి పని యయ్యెను. మెడలో మెదడునకు పోవు రక్తనాళము చీలుచోట ఇరుప్రక్కలను బియ్యపుగింజంత చిన్న గ్రంథులు కలవు. ప్రాణవాయువునకు కావలివారు వీరే. బెల్జియము దేశస్థుడగు కార్నీలు హేమాన్సు దీనిని స్థాపించి 1938వ సంవత్సరపు నోబెలు బహుమానమును పొందెను. రక్తమున ప్రాణవాయువు ఒత్తిడి సుమారు 100 మిల్లీమీటరులనుండి 60కి దిగువగునప్పుడు ఈ గ్రంథులు బలముగా హెచ్చరిక చేయుచు, నాడుల ద్వారమున మజ్జాముఖమునకు వార్త పంపును.

బొగ్గుపులుసు గాలి కథ వేఱు. అది రక్తమునుండి మెదడులోనికి సులభముగా చొచ్చుకొనిపోయి, నీటితో కలిసి పులుసగును. మజ్జాముఖపు అడుగుభాగమున నున్న కొన్ని నాడీకణములు ఆ పులుపును కనిపెట్టి ఉత్తేజితములై, ఊపిరి లయను పుట్టించు కణములను తొందరపెట్టును. ఆ లయను పుట్టించు చిన్న కణసమూహమును 1991లో స్మిత్తు, ఫెల్డ్‌మను మున్నగు శాస్త్రజ్ఞులు ఎలుకపిల్లల మెదడునుండి కోసిన పలుచని ముక్కలలో కనుగొని, ప్రీ-బోట్జింగరు సముదాయమని పేరు పెట్టిరి. దేహమునుండి వేఱుచేసిన ఆ ముక్కలో కూడ ఊపిరి తాళము వినబడుచునే యుండెను! ఆ లయ వెన్నుపాముద్వారా ఉదరవితానమునకు చేరి, మన రొమ్మును పైకెత్తును.

అరుదుగా కొందఱు శిశువులు బొగ్గుపులుసు గాలిని కనిపెట్టు ఈ శక్తి లేకయే పుట్టుదురు. మెలకువగా నున్నంతసేపు వారి శ్వాస చాలవఱకు సాగును; నిద్రపోయినంతనే అది మందగించి ప్రాణాపాయము కలుగును. రాత్రి యంత్రసహాయము లేనిదే వారు బ్రదుకజాలరు. ఈ వ్యాధికి మూలమైన జన్యులోపమును 2003లో కనుగొనిరి. మనము నిశ్చింతగా నిద్రించు ప్రతి రాత్రియు ఆ చిన్న కణములు మన కొఱకు ఎట్లు మేల్కొనియుండునో ఈ శిశువులను చూచిన తెలియును.

హాల్డేను బోధించిన దానిలో మన విద్యార్థులు ప్రాణముతో సమానముగా గుర్తుంచుకొనవలసిన విషయములు రెండు కలవు. మొదటిది: చెఱువులోనో బావిలోనో ఎవరెక్కువసేపు మునిగియుందురో చూతమని పందెము వేసికొని, మునుగుటకు ముందు వడివడిగా ఊపిరి పీల్చి విడుచుట కొందఱికి అలవాటు. దీనివలన ప్రాణవాయువు హెచ్చుట స్వల్పము. బొగ్గుపులుసు గాలి మాత్రము కొట్టుకొనిపోవును. కావున ఊపిరి తీసికొమ్మను హెచ్చరిక ఆలస్యమగును. అంతలో ప్రాణవాయువు అయిపోయి, బాలుడు కష్టమేమియు తెలియకయే నీటిలో స్మృతి తప్పును. బలిష్ఠులగు ఈతగాండ్రు కూడ ఇట్లు చనిపోయిరి.

రెండవది: చాలకాలము వాడని బావులలోను, ధాన్యపు పాతరలలోను ప్రాణవాయువు తగ్గి చెడుగాలి చేరియుండును. ఒకడు దిగి పడిపోగా, అతనిని రక్షింపబోయి అన్న, అన్నను రక్షింపబోయి తండ్రి వరుసగా మరణించిన విషాదవార్తలు మన దేశమున పలుమారులు వినబడుచున్నవి. ప్రాణవాయువు నూటికి 21 పాళ్లనుండి 17 పాళ్లకు దిగినచో దీపము ఆఱిపోవును; మనుష్యునకు అప్పటికి ఏమియు తోచదు. అందుచేతనే దీపము దింపి చూచుట మంచి యాచారమే. కాని దీపము వెలుగుచున్నను కార్బన్ మోనాక్సైడు వంటి విషముండవచ్చును. కావున తగిన పరికరములును, గాలి సరఫరాయు, నడుమునకు త్రాడును లేక ఎవ్వరును దిగరాదు. ఊపిరి యాడుచున్నది, ఆయాసము లేదు అనుట క్షేమమునకు గుర్తు కాదు. హాల్డేను జీవితమంతయు బోధించినది ఇదియే.

తెలుగువారికి ఈ వంశముతో చిత్రమైన సంబంధ మొకటి ఏర్పడినది. గనిలో ఆంటొనీ యుపన్యాసము చదివిన ఆ బాలుడు, జె. బి. యస్. హాల్డేను, 1957లో భారతదేశమునకు వచ్చి కలకత్తాలోను, పిమ్మట భువనేశ్వరములోను పనిచేసి, భారత పౌరుడయ్యెను. తెలుగువాడగు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులలో నొకడు. 1964వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించిన ఆయన, తన దేహమును వైద్యవిద్యార్థుల పాఠము కొఱకు కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఇయ్యవలెనని మరణశాసనము వ్రాసియుంచెను. ఆ ప్రకారమే జరిగినది. తండ్రి బ్రదికియుండగా తన దేహమును ప్రయోగశాలగా చేసెను. కుమారుడు మరణించిన పిమ్మట తన దేహమును పాఠ్యపుస్తకముగా చేసెను.

గనిలోని కూలివాడు చావకుండుటకు తాను విషము పీల్చుట ఆయనకు గొప్పగా తోచలేదు. పనిలో భాగముగానే తోచెను. పేరు తెలియని ఇతరుల క్షేమము కొఱకు తాను ముందుగా ఓర్చుకొనుట యనునదే ఆ వంశపు చిహ్నమందలి మాటకు ఆయన చెప్పిన వ్యాఖ్యానము. ఈ వ్యాసమును చదువుచున్నంతసేపును మీరు కొన్ని వందల మారులు ఊపిరి పీల్చియుందురు. ఒక్కసారియైనను దానిని గుఱించి చింతింపలేదు. ఆ నిశ్చింతకు కారణమేమో విప్పిచెప్పిన జాన్ స్కాట్ హాల్డేనును ఒక్క నిమిషము కృతజ్ఞతతో తలచుట మన ధర్మము.